గడప దాటే హక్కు ఎవరికుంది? అప్పు వసూలు కథ, ఆత్మకూరు ఉదయగిరి నుంచి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. చెప్పేది చరిత్రే, కానీ అది మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద మొదలవుతుంది.

ఆత్మకూరు దగ్గర చిన్న పల్లె మాది. నేను అప్పుడు బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాను. ఒకరోజు రాత్రి ఏడున్నరకి పెద్దమ్మ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడతా ఉంది. "నాయనా, లోను సారు వచ్చుండాడు. అరుగు మీద కూర్చోనుండాడు. కంతు కట్టిందాకా లెయ్యనంటన్నాడు. వీధిలో అందరూ చూస్తన్నారు. ఎట్టా చేసేది?"

అది గ్రూపు లోను. గేదెకి జబ్బు చేసి పాలు ఆగిపోయాయి, వరసగా రెండు కంతులు తప్పాయి. సిగ్గుపడి ఆ రెండు మీటింగులకీ పోలేదు.

నేనేం చెప్పాను? ఏమీ చెప్పలేదు. నాలుగేళ్లు బీటెక్ చదివి, రోజూ కోడ్ రాసే మనిషిని, ఈ ఒక్క ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఫోన్లో డబ్బులు పంపాను, ఆయన లేచి వెళ్లిపోయాడు. పని అయిపోయింది అనుకున్నా, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పు తీసుకున్న మాట నిజం. కట్టాల్సిన మాట కూడా నిజం. మరి ఆ మనిషి మా అరుగు మీద కూర్చోవచ్చా? రాత్రి పదైనా కూర్చోవచ్చా? లోపలికొచ్చి టీవీ ఎత్తుకుపోవచ్చా? ఎక్కడో ఒక గీత ఉండాలి కదా. ఆ గీత ఎక్కడుందో వెతుక్కుంటా పోతే ఏడొందల ఏళ్లు వెనక్కి వెళ్లాల్సొచ్చింది.

బాకీదారు చుట్టూ గీసిన గీత

13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో మన తీరం గురించి రాశాడు. కాకతీయుల రేవు మోటుపల్లి గురించి రాసింది ఆయనే. దానికి దక్షిణాన ఉన్న తమిళ తీరాన్ని ఆయన మాబార్ అన్నాడు. అక్కడ అప్పు వసూలు చేసే ఒక వింత పద్ధతి గురించి చెప్పాడు. బాకీదారు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వకుండా తిప్పుకుంటున్నాడనుకోండి. అప్పిచ్చినవాడు సమయం చూసుకుని అతని చుట్టూ నేల మీద ఒక గీత గీసేస్తాడు. బాకీ తీర్చేదాకా, లేదా పూచీ చూపించేదాకా ఆ గీత దాటడానికి లేదు. దాటితే చాలా పెద్ద శిక్ష.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఒక పరదేశి వర్తకుడికి అక్కడి రాజే బాకీ పడ్డాడట. ఆ వర్తకుడు రాజు గుర్రం చుట్టూ గీత గీశాడు. రాజు కదలకుండా అక్కడే ఆగి, బాకీ తీర్చాకే ముందుకు పోయాడని మార్కో పోలో రాశాడు. రాజుకైనా కూలివాడికైనా ఒకటే రూలు. వినడానికి బాగుంది. కానీ గమనించండి, ఆ గీత గీసే సుద్దముక్క అప్పిచ్చినవాడి చేతిలో ఉంది.

ఇంకో పద్ధతి ధర్నా. ఇప్పుడు ధర్నా అంటే కలెక్టరేట్ ముందు టెంట్ వేసుకుని కూర్చోవడం. పాతకాలంలో దాని అర్థం వేరు. అప్పిచ్చినవాడు బాకీదారు గడప ముందు తిండీ నీళ్లూ మానేసి కూర్చునేవాడు. వాడు అక్కడ చస్తే ఆ పాపం ఇంటివాళ్లకి చుట్టుకుంటుందని భయం. దెబ్బ వెయ్యడు, తిట్టు తిట్టడు, ఊరికే కూర్చుంటాడు. ఆ కూర్చోవడమే బెదిరింపు.

1860లో ఇండియన్ పీనల్ కోడ్ వచ్చినప్పుడు, దేవుడి కోపం తగులుతుందని నమ్మించి మనుషుల్ని లొంగదీసుకోవడం నేరమని 508వ సెక్షన్ పెట్టారు. దాని కింద ఇచ్చిన మొదటి ఉదాహరణే గడప ముందు ధర్నా కూర్చోవడం. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే 354వ సెక్షన్. లోను సారు మీద ఈ సెక్షన్ పెట్టొచ్చని నేను చెప్పడం లేదు. అది దేవుడి పేరు చెప్పి బెదిరించేవాళ్ల కోసం. కానీ పద్ధతి మాత్రం అదే కదా? దేవుడి భయం పోయి, ఆ చోటులోకి పరువు భయం వచ్చింది.

లండన్‌లో మూసిన తలుపు

సరే, మరి గీత గీసే సుద్దముక్క ఇంటివాళ్ల చేతికి ఎప్పుడొచ్చింది? దీనికోసం ఒక్క నిమిషం లండన్ వెళ్లాలి. ఎందుకంటే మన కోర్టుల రూల్స్ చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

1604లో అక్కడ సెమెయిన్ కేసు అని ఒకటి తేలింది. ఒక ఇంట్లో ఇద్దరు ఉమ్మడిగా ఉండేవాళ్లు. అందులో ఒకాయన సెమెయిన్ అనే అతనికి అప్పుండి చనిపోయాడు. చనిపోయినాయన సామాన్లు ఆ ఇంట్లోనే ఉన్నాయి. కోర్టు ఆర్డర్ పట్టుకుని షెరీఫ్ వచ్చాడు. రెండో ఆయన గ్రెషామ్ తలుపు మూసేశాడు. నా అప్పు రాకుండా చేశాడని గ్రెషామ్ మీద సెమెయిన్ కేసు వేశాడు, ఓడిపోయాడు. ఎవరిల్లు వాళ్లకి కోటలాంటిదని, మామూలు అప్పు కేసులో షెరీఫ్ బయటి తలుపు పగలగొట్టకూడదని కోర్టు చెప్పింది. ఇల్లంటే కోట అనే మాట ప్రపంచమంతా వాడుతున్నది ఈ కేసు పుణ్యమే. మీరు ఉదయగిరి కోట కింద నిలబడి చూస్తే, కృష్ణదేవరాయలే దాన్ని గెలవడానికి ఏడాదికి పైగా ముట్టడి వెయ్యాల్సొచ్చిందని గుర్తొస్తుంది. పేదవాడి రేకుల షెడ్డుకి కూడా ఆ పాటి విలువ ఉందని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయితే ఆ ఇంగ్లిష్ వాళ్లే మన దగ్గరికి వచ్చాక ఇదే రూలు పాటించారా?

సర్కారే వసూలుకి వస్తే

నెల్లూరు సీమ 1801లో కంపెనీ చేతికి వచ్చింది. అప్పట్లో రైతు గడప ముందుకి వచ్చే పెద్ద వసూలుదారు వడ్డీ వ్యాపారి కాదు, సర్కారే. శిస్తు బాకీ పడితే తాసిల్దారు మనుషులు వచ్చేవాళ్లు. ఎండలో నిలబెట్టడం, నడుం వంచి కట్టేయడం, కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం చేసేవాళ్లు. వేళ్లు నొక్కే ఆ పరికరాన్ని తమిళంలో కిట్టి అంటారనీ, తెలుగులో చీరాట అంటారనీ సర్కారు రిపోర్టులోనే ఉంది.

ఆ రిపోర్టు రావడం వెనక ఒక తెలుగాయన ఉన్నాడు. గాజుల లక్ష్మీనరసు చెట్టి, మద్రాసు వర్తకుడు. క్రెసెంట్ అనే పత్రిక నడిపాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. డాన్బీ సెమూర్ అనే బ్రిటిష్ ఎంపీ మద్రాసు వస్తే, ఆయన్ని వెంటబెట్టుకుని పల్లెలు తిప్పి ఈ హింసంతా చూపించాడు. ఆ ఎంపీ 1854లో లండన్ పార్లమెంటులో దీన్ని లేవనెత్తాడు. అప్పుడు మద్రాసులో కమిషన్ వేశారు. ఫిర్యాదులు తీసుకుంటామంటే కొద్ది నెలల్లోనే దాదాపు రెండు వేలు వచ్చాయి. వందల మంది స్వయంగా కమిషన్ ముందుకు వచ్చి చెప్పుకున్నారు. శిస్తు వసూలు కోసం హింస జరుగుతున్న మాట నిజమేనని 1855లో కమిషన్ రిపోర్టు ఇచ్చింది.

బాకీ ఉన్నవాడు ఫిర్యాదు చెయ్యగలడు అన్నది అక్కడ రుజువైంది. "బాకీ ఉంది కాబట్టి నోరెత్తకూడదు" అని మనకి చిన్నప్పటి నుంచి నేర్పారు కదా, ఆ రెండు వేల మంది అలా అనుకోలేదు. బాకీ వేరే విషయం, చీరాట వేరే విషయం అన్నారు.

ఇంకో మెట్టు 1895లో వచ్చింది. బాకీదారు వస్తువుని అతను ఒప్పుకోకుండా, బాకీ కట్టించుకోవడం కోసం ఎత్తుకుపోతే అది దొంగతనమే అవుతుందని కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. డబ్బులు రావాల్సి ఉన్నా సరే. అంటే టీవీ, సైకిల్, గ్యాస్ బండ మీద చెయ్యి వెయ్యడానికి "నాకు బాకీ ఉంది" అన్న మాట పనికిరాదు.

అమీనా కూడా ముట్టుకోలేనివి

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్. లా చదివేవాళ్లు తప్ప ఎవరూ తెరవని పుస్తకం. కానీ నన్నడిగితే ప్రతి ఇంట్లో ఇందులోని నాలుగు సెక్షన్లు తెలిసుండాలి. ఇంకా అమల్లోనే ఉన్నాయి.

ముందు వరస చెప్తాను. అప్పిచ్చినవాడు కోర్టుకి వెళ్లాలి. వాదనలు జరగాలి. డిక్రీ రావాలి. తర్వాత ఈపీ వెయ్యాలి. కోర్టు జప్తు ఆర్డర్ ఇవ్వాలి. అప్పుడు కోర్టు అమీనా వస్తాడు. మన పల్లెల్లో అమీనా అంటే యముడి తమ్ముడు అన్నట్టు చూస్తారు. కానీ ఆ అమీనాకే ఎన్ని కట్టుబాట్లున్నాయో చూడండి.

62వ సెక్షన్ ప్రకారం పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు ఆయన ఇంట్లోకి అడుగు పెట్టకూడదు. బయటి తలుపు పగలగొట్టాలంటే, ఆ ఇల్లు బాకీదారు ఉంటున్నదే అయ్యుండాలి, లోపలికి రానివ్వకుండా అడ్డుకునుండాలి. లండన్ రూలు కంటే ఇది ఇంటివాళ్లకి కొంచెం తక్కువ రక్షణే. అయినా గీత అంటూ ఒకటుంది. 55వ సెక్షన్లో అరెస్టుకి కూడా ఇదే చీకటి రూలు. 56వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. డబ్బు డిక్రీ కోసం ఆడమనిషిని అరెస్టు చేసి సివిల్ జైల్లో పెట్టడానికి లేదు. "కట్టకపోతే జైలుకి పోతావమ్మా" అని మా పెద్దమ్మకి ఎన్నిసార్లు చెప్పారో. ఆ మాట 1908 నుంచీ అబద్ధమే.

ఇక 60వ సెక్షన్. ఏవి జప్తు చెయ్యకూడదో లిస్టు ఉంది. కట్టుకునే బట్టలు, వంట పాత్రలు, మంచాలు పరుపులు. మత ఆచారం ప్రకారం ఆడవాళ్లు తియ్యకూడని నగలు, అంటే మనవైపు తాళిబొట్టు లాంటివి. రైతుకైతే సేద్యం పనిముట్లు, బతకడానికి అవసరమని కోర్టు అనుకున్న పశువులు, విత్తనాలు. రైతు గానీ కూలీ గానీ సొంతంగా ఉంటున్న ఇల్లు. కూలీల కూలి డబ్బులు. చేతివృత్తి వాళ్ల పనిముట్లు.

ఈ చివరి మాట దగ్గర నాకు ఉదయగిరి గుర్తొచ్చింది. అక్కడ చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కే కుటుంబాలున్నాయి. ఉలి, బాడిస, ఆకురాయి, ఇవే వాళ్ల ఆస్తి. ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో కనబడే గరిటె ఆ ఉలి నుంచే వస్తుంది. కోర్టు డిక్రీ ఉన్న అమీనా కూడా ఆ ఉలిని ముట్టుకోకూడదు. అలాంటిది, చేతిలో ఒక ట్యాబ్ పట్టుకుని బైక్ మీద వచ్చిన కుర్రాడు ముట్టుకోగలడా?

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇల్లో పొలమో మీరే తాకట్టు పెట్టి అప్పు తీసుకునుంటే, ఈ 60వ సెక్షన్ రక్షణ దానికి ఉండదు. ఇల్లు తాకట్టు పెట్టిన బ్యాంకు లోన్లకి 2002 నాటి సర్ఫేసీ చట్టం ఉంది. దాని ప్రకారం కోర్టు డిక్రీ లేకుండానే బ్యాంకు ముందుకి పోవచ్చు. కానీ అక్కడ కూడా ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు.

తర్వాత కాలంలో ప్రభుత్వాలు అప్పునే తగ్గించిన సందర్భాలున్నాయి. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. నెల్లూరు అప్పుడు మద్రాసులోనే ఉంది. పాత అప్పుల మీద అసలుకి రెండింతలు కట్టేసిన రైతుకి ఇక బాకీ లేనట్టే అని చెప్పింది ఆ చట్టం. 1977లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న రైతులకి, భూమిలేని కూలీలకి, పల్లెల్లో చేతివృత్తుల వాళ్లకి ప్రైవేటు అప్పుల నుంచి విముక్తి ఇస్తూ చట్టం చేసింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్, జాలీ జార్జ్ వర్గీస్ కేసులో, కట్టలేని పేదరికం ఒక్కటే కారణంగా మనిషిని జైల్లో పెట్టకూడదన్నారు. డబ్బుండి దురుద్దేశంతో ఎగ్గొట్టేవాడి సంగతి వేరు.

ఇన్ని రక్షణలు ఉండి కూడా మా పెద్దమ్మ ఎందుకంత భయపడింది? దీనికి సమాధానం మా జిల్లాలోనే ఉంది. అది కొంచెం బాధ కలిగించే కథ.

రోజుకి ఒక రూపాయి

ఉదయగిరి నియోజకవర్గంలోనే కలిగిరి మండలం ఉంది, అందులో దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత క్లాసుల్లో కూర్చున్న ఆడవాళ్లు, మా ఊరికి సారా వద్దు అని లేచారు. ఆ దూబగుంట కథనే "ఆడవాళ్లు ఏకమైతే" అని పాఠం చేసి మిగతా ఊళ్లకి పంపారు. 1992 కల్లా జిల్లా అంతా అంటుకుంది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రం మొత్తం తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

సారా ఆగాక ఇంట్లో మిగిలిన డబ్బు ఏం చెయ్యాలి? అక్కడ పుట్టింది నెల్లూరు పొదుపులక్ష్మి. రోజుకి ఒక రూపాయి. గుంపుగా కూర్చుని లెక్క రాసుకోవడం, అవసరమైన వాళ్లకి అందులోంచే అప్పివ్వడం. ఆ డబ్బు వాళ్లది, ఆ రూలు వాళ్లది. ఒకావిడ కట్టలేకపోతే ఎందుకు కట్టలేదో మిగతావాళ్లకి తెలుసు, ఎందుకంటే గేదె చచ్చిపోయిన రోజు పరామర్శకి వెళ్లింది వాళ్లే. తర్వాత వెలుగు, బ్యాంకు లింకేజీ, అన్నీ ఆ పునాది మీద లేచినవే.

తర్వాత వచ్చాయి మైక్రోఫైనాన్స్ కంపెనీలు. ఆడవాళ్ల గుంపు అనే ఆ ఐడియానే తీసుకున్నాయి, ఒక్క మార్పు చేశాయి. డబ్బు బయటిది, రూలు బయటిది, పూచీ మాత్రం గుంపుది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలి, లేదా కట్టించాలి. కాబట్టి ఇంటి ముందు కూర్చోవడానికి రౌడీలు అక్కర్లేదు, పక్కింటి వదినే వచ్చి కూర్చుంటుంది. సారా కొట్టు ముందు కలిసి కూర్చున్న అదే ఆడవాళ్లు, ఒకరి గడప ముందు ఒకరు కూర్చునే రోజు వచ్చింది.

2006లో కృష్ణా జిల్లాలో గొడవ పెద్దదై, అధికారులు పదుల సంఖ్యలో బ్రాంచీలు మూయించారు. 2010 ఆగస్టులో హైదరాబాద్ నుంచి నడిచే ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌లోకి వెళ్లింది. అదే సమయంలో వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు చేసుకున్నారన్న వార్తలు జిల్లా జిల్లా నుంచి వచ్చాయి. 2010 అక్టోబర్ 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, 2011లో అది చట్టమైంది.

ఆ చట్టం చదివితే మన గడప కథ మొత్తం అందులో కనబడుతుంది. వసూలు గ్రామ పంచాయతీ ఆఫీసు దగ్గరో, కలెక్టర్ చూపించిన బహిరంగ స్థలంలోనో జరగాలి. వారం వారం కాదు, నెలకోసారి. మాటిమాటికీ ఇంటికి రావడం, వెంటపడడం, ఇంట్లోవాళ్లని అవమానించడం, రేషన్ కార్డు లాంటి కాగితాలు లాక్కోవడం, ఇవన్నీ బలవంతపు వసూలు కిందికే వస్తాయి, మూడేళ్ల దాకా జైలు. ఊరికే కూర్చోవడం కూడా బెదిరింపే అని పాత ధర్నా రోజుల్లో తెలిసిన సంగతిని ఈ చట్టం మళ్లీ గుర్తుపట్టింది.

అయితే ఆర్‌బీఐ దగ్గర రిజిస్టర్ అయిన ఫైనాన్స్ కంపెనీలకి ఈ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పెద్ద కంపెనీలు చాలావరకు ఆ రకమే. కాబట్టి ఇవాళ మీకు ఎక్కువగా పనికొచ్చేది 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ నిబంధనలు.

ఆ రాత్రి నేను చెప్పాల్సిన మాటలు

ఆ నిబంధనల ప్రకారం మా పెద్దమ్మ కేసు చూద్దాం. నిజాయితీగా చూద్దాం.

వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి. వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతే, అప్పుడు ఇంటికి రావచ్చు. పెద్దమ్మ రెండు మీటింగులు ఎగ్గొట్టింది. అంటే ఆయన ఇంటికి రావడం తప్పు కాదు. ఇది మనకి ఇబ్బందిగా ఉన్నా ఒప్పుకోవాలి. కానీ మైక్రోఫైనాన్స్ అప్పుకి ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ కూడా చెయ్యకూడదు. ఆయన ఏడున్నరకి వచ్చి కూర్చున్నాడు. బెదిరించకూడదు, తిట్టకూడదు, చుట్టాలనీ పక్కవాళ్లనీ వేధించకూడదు, పేరు బయటపెట్టి పరువు తియ్యకూడదు, కట్టకపోతే ఏమవుతుందో అబద్ధాలు చెప్పకూడదు. జైలు మాట అబద్ధమే కదా. ఏజెంట్ అయితే ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం దగ్గరుండాలి.

కాబట్టి నేను చెప్పాల్సింది ఇది. "పెద్దమ్మా, తలుపు దగ్గరే నిలబడి మర్యాదగా మాట్లాడు. లోపలికి పిలవాల్సిన పని లేదు. ఐడీ కార్డు చూపించమను, ఫోన్‌లో ఫొటో తీసుకో. బాకీ ఉందని ఒప్పుకో, ఎప్పటికి కట్టగలవో చెప్పు. ఇప్పుడు టైమ్ అయిపోయింది, రేపు పగలు మాట్లాడదాం అను. డబ్బు ఇస్తే రసీదు తీసుకో. తెల్ల కాగితం మీద సంతకం పెట్టొద్దు." వెళ్లమన్నాక కూడా బెదిరించడానికో అవమానించడానికో అక్కడే ఉండిపోతే అది అక్రమ ప్రవేశం, న్యాయ సంహిత 329వ సెక్షన్. 112కి ఫోన్ చెయ్యొచ్చు. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజుల్లో న్యాయం జరక్కపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్, హెల్ప్‌లైన్ 14448. లాయర్ ఖర్చు భయం ఉంటే 15100. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని చట్టం ఉంది. ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ కోర్టులున్నాయి, నెల్లూరు దాకా పోనక్కర్లేదు.

ఇది చూస్తున్న మీలో చాలామందికి అరుగు మీదికి ఎవరూ రారు, లోన్ యాప్ నుంచి ఫోన్లే వస్తాయి. మీ ఫోన్ కూడా ఒక గడపే. ఆర్‌బీఐ డిజిటల్ లెండింగ్ రూల్స్ ప్రకారం యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లిస్టు ముట్టుకోకూడదు. పర్మిషన్ అడుగుతుందంటే తలుపు తీయమంటోందని అర్థం. తెలియనివాడికి ఇంటి తాళం ఇస్తామా? మామూలు లోన్లకి వసూలు కాల్స్ ఉదయం 8 నుంచి సాయంత్రం 7 మధ్యే చెయ్యాలి.

చివరిగా ఒక మాట. ఈ రీసెర్చ్ అంతా చేసి, పండక్కి ఇంటికి పోయినప్పుడు పెద్దమ్మకి వివరించాను. అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "సారుకి చెప్తాలే నాయనా. మరి ఎదురింటి ఆమె నా కంతు రెండుసార్లు కట్టింది. ఆమెకి ఏ సెక్షన్ చెప్పేది?"

నా దగ్గర సెక్షన్ లేదు. ఆమె డబ్బు ఆమెకి ఇచ్చేశాం, గేదె మళ్లీ పాలిస్తోంది, కంతులు నడుస్తున్నాయి. కానీ ఆ ఇద్దరూ ఇదివరకటిలా ఒకే అరుగు మీద కూర్చోవడం లేదు. వసూలు చేసేవాడు మన ఇంట్లోంచి ఏమీ ఎత్తుకుపోకపోయినా ఇది మాత్రం పట్టుకుపోయాడు. చట్టం మనల్ని ఆ సారు నుంచి కాపాడుతుంది. పక్కింటావిడని మన మీదికి తోలకుండా ఆపాల్సింది మాత్రం మనమే, గుంపులో అందరికీ ఈ రూల్స్ ముందే తెలిస్తే అది కుదురుతుంది. దూబగుంటలో ఒక పాఠం చదివి మొదలుపెట్టారు. మనకి ఈ ఎపిసోడ్ ఆ పాఠం అనుకోండి. మీ ఇంట్లో గ్రూపు లోను ఉన్న అమ్మకో అత్తకో పిన్నికో ఈ రాత్రే చదివి వినిపించండి.

అప్పుల ఒత్తిడితో ఎవరైనా బతుకు మీద విసిగిపోయినట్టు మాట్లాడితే ఒంటరిగా వదలొద్దు. 14416 టెలీ మానస్, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. ఏ అప్పూ మనిషి కంటే పెద్దది కాదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.